జీవో 3: తీర్పు ఒక్కటే చదివితే చాలదు

ఏజెన్సీ బడుల్లో ఆదివాసీ ఉపాధ్యాయులే ఉండాలన్న జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మనలో చాలామందికి అందింది ఆ వార్త ఒక్కటే. న్యాయశాస్త్ర పరిశోధకులు వార్త దగ్గర ఆగరు. ఒక కాగితం పక్కన మరో కాగితం పెట్టి చదువుతారు. మనమూ అలాగే చదువుదాం.

మొదటిది జీవో. 2000 జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకు, వాటిలో మూడో వంతు మహిళలకు ఇవ్వాలంది. ఏజెన్సీ బడులకు టీచర్లు సరిగా రాకపోవడమే దానికి ముఖ్య కారణం.

రెండోది హైకోర్టు తీర్పు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు జీవోను సమర్థించారు. ఒప్పుకోని మూడో జడ్జి రాసినదీ వదలకుండా చదవాలి. ఎదుటివాదం బలం అక్కడే తెలుస్తుంది.

మూడోది సుప్రీంకోర్టు తీర్పు. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. గవర్నరు అధికారానికి హద్దు గీసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం షరతు మీద కాపాడింది. దీన్ని రాజ్యాంగం ఐదో షెడ్యూలు పక్కన పెట్టుకుని చదవాలి.

ఇన్ని కాగితాలు చదివినా మన ఊరి బడి పూర్తిగా కనిపించదు. టీచరు రాక బడి ఎన్ని రోజులు మూతపడింది? పిల్లల భాష తెలిసిన టీచరు వచ్చాక ఎంతమంది బడిలో నిలిచారు? ఆ లెక్క ఉన్నది మన ఊళ్లలోనే. ఉపాధ్యాయ మిత్రులు, యువకులు తేదీలతో సహా దాన్ని రాసి దాచాలి. రేపు మరో కేసు వస్తే కోర్టు ముందు మనం పెట్టగల ఆధారం అదే.