మోటిఫ్

'కదలించు' నను అర్థముగల లాటిన్ ధాతువునుండి పుట్టి, ఫ్రెంచి భాషలో ప్రేరణమను అర్థమును బొంది, సంగీతమున మరల మరల వినవచ్చు స్వరగుచ్ఛమునకును, వస్త్రశిల్పమున పునరావృత్తమగు చిత్రాంశమునకును పేరైన 'మోటిఫ్' అను పదము, నేడు జీవశాస్త్రమున డి.ఎన్.ఎ.లోని హ్రస్వమైన అక్షరక్రమమును తెలుపుచున్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల వెలసిన విజయనగరమువారికి, రాగమును పట్టియిచ్చు సంచారము వంటిదన్న చాలును.

జి.ఎ.టి.ఎ. అను నాలుగక్షరములనే చూడుడు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డి.ఎన్.ఎ. వేలిముద్రలకు బాటవేసిన లాల్జీ సింగ్ కట్లపాము డి.ఎన్.ఎ.లో పరిశీలించిన పునరావృత్తు లివియే. రక్తకణములను తీర్చిదిద్దు గాటా-1 ప్రోటీను వెదకి పట్టుకొను క్రమమునకు మూలమును ఇవియే. ఇట్టి మోటిఫులు జన్యువుల ఏ పనులతో ముడిపడియున్నవో అంచనావేయు గోమో వంటి సాఫ్ట్‌వేరు ఒక మోటిఫ్ కెదుట 'రక్తకణోత్పత్తి' యని చూపినపుడు, ఆ క్రమము తమ ముందుండు నియంత్రణభాగములైన ప్రమోటరులలో బలముగా గోచరించు జన్యువులయందు ఆ పనికి సంబంధించినవి యాదృచ్ఛికముకంటె అధికముగా నున్నవని గ్రహింపవలెను. ప్రోటీను అచట నిజముగా అంటుకొనెననిగాని, జన్యువును మేల్కొలిపెననిగాని ఆ సూచన చెప్పజాలదు. మనుష్యునియందు గాటా కుటుంబమునకు చెందిన ఆరు ప్రోటీనులు, కొన్ని రక్తమునందును కొన్ని హృదయమునందును పనిచేయుచు, దాదాపు ఒకే క్రమమును పట్టుకొనుటచేత, కర్త యెవరో మోటిఫ్ పేరునుబట్టి నిర్ణయించుట సాహసమని నా దృఢాభిప్రాయము. అది ప్రయోగశాలలో తేలవలసిన విషయము.