భువనగిరి ఓటు

హైదరాబాదు నుండి వరంగల్లు పోయే దారిలో భువనగిరి ఏకశిలా దుర్గం దూరం నుండే కనబడుతుంది. పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన ఆ కోట కథ చదువరులకు తెలిసినదే. నేను వ్రాయదలచినది ఆ కొండ నీడలోని శాసనసభా నియోజకవర్గం కథ.

దీనికి పీఠిక 1944లోనే ఉంది. ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశం ఆ ఏడు భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. మితవాదులు దూరంగా నిలిచారు. మహాసభ రెండుగా చీలింది. నారాయణరెడ్డి ఈ ప్రాంతపు బొల్లేపల్లిలో పుట్టినవారే. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిన కొద్ది మాసాలకే సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ఆయన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేర నల్లగొండ లోక్‌సభ స్థానానికి నిలబడి 3 లక్షలకు పైగా ఓట్లు పొందారు. నెహ్రూకు వచ్చినవి అంతకన్న తక్కువ. నల్లగొండ ద్విసభ్య స్థానం కదా అని సందేహించేవారికి ఒక మాట: నెహ్రూ నిలిచిన స్థానమూ ద్విసభ్యమే.

1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణకు మాత్రమే జరిగాయి. అప్పుడు భువనగిరి నుండి నారాయణరెడ్డి, 1962లో ఆరుట్ల రామచంద్రారెడ్డి గెలిచారు. తరువాత కొండా లక్ష్మణ్ బాపూజీ 1967, 1972లలోను, కొమ్మిడి నరసింహారెడ్డి 1978, 1983లలోను ఎన్నికయ్యారు. 1985 నుండి 1999 వరకు నాలుగు పర్యాయాలు తెలుగుదేశం పక్షాన ఎలిమినేటి మాధవరెడ్డి గెలిచారు.

2000 మార్చి 7న ఘట్‌కేసర్ సమీపంలో నక్సలైట్లు పేల్చిన మందుపాతరకు, అప్పటికి మంత్రిగా ఉన్న మాధవరెడ్డి బలి అయ్యారు. తుపాకిని విడిచి ఓటును చేపట్టిన నేల మీద, అర్ధశతాబ్దం తరువాత, ఓటుతో గెలిచిన మనిషిని మందుపాతర తీసుకుపోయింది. ప్రజలు మళ్ళీ ఓటుతోనే బదులు చెప్పారు. ఉపఎన్నికలో ఆయన సతీమణి ఉమా మాధవరెడ్డి గెలిచారు.

అది కేవలం సానుభూతి అనేవారున్నారు. ఒక్క ఉపఎన్నికకైతే ఆ మాట చెల్లుతుంది. కాని 2004లో తెలుగుదేశం రాష్ట్రమంతటా దెబ్బతిన్నప్పుడు కూడా ఆమె గెలిచారు; 2009లోనూ గెలిచారు. 1989లో పార్టీ అధికారం కోల్పోయి, కల్వకుర్తిలో స్వయంగా ఎన్.టి. రామారావే ఓడినప్పుడు మాధవరెడ్డి ఇక్కడ నిలిచారు. ప్రత్యేక రాష్ట్రం ఏర్పడుతున్న వేళ, 2014లో, తెరాస పక్షాన పైళ్ళ శేఖర్‌రెడ్డి వచ్చారు. 2018లో మళ్ళీ నెగ్గారు. 2023లో కాంగ్రెసు అభ్యర్థి కుంభం అనిల్‌కుమార్‌రెడ్డి ఆయనను ఓడించారు.

ఈ పట్టికలో ఒక విశేషం ఉంది. 1967 నుండి 2018 వరకు గెలిచినవారు ఐదుగురే. వారిలో ఒక్క గెలుపుతో ఆగిపోయినవారు ఒక్కరూ లేరు. ఇది నమ్మకమా, అలవాటా? అలవాటే అయితే 2014లోను 2023లోను మార్పు వచ్చేది కాదు. ఈ జనం మనిషిని ఎరిగి ఓటు వేస్తారు, తొందరపడి తీసివేయరు, తీసివేయవలసి వస్తే వెనుదీయరు. నాకు తోచినది ఇది.

1985లో భువనగిరి సమీపపు ఒక పల్లెలో నాకు పోలింగు విధి పడింది. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఒక ముసలమ్మ బ్యాలెట్ పత్రాన్ని అటూ ఇటూ త్రిప్పి చూసి, "సారూ, రావి నారాయణరెడ్డి గుర్తు ఏది?" అన్నది.

"నేను చెప్పగూడదవ్వా. నీకు నచ్చినదాని మీద ముద్ర వెయ్యి" అన్నాను.

"బడిల పోరగాండ్లకు అన్నీ చెప్తవు గద సారూ, నాకు గిదొక్కటి చెప్పవా?"

గదిలో ఉన్నవారందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రజాస్వామ్యమంటే పక్షాలు, సిద్ధాంతాలు, ప్రణాళికలు అని తరువాత ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పాను. ముప్పై ఏళ్ళ వెనుకటి మనిషిని గుర్తుపెట్టుకొని బ్యాలెట్ పత్రంలో వెదికిన ఆ అవ్వను మాత్రం ఒక్క తరగతిలోనూ ప్రస్తావించలేదు. ఆ లోపం నాదే.