పేరు చెప్పే రాయి, లెక్క చెప్పే రాయి

యుద్ధంలో పోయినవారిని గుర్తుపెట్టుకొనే పని దక్షిణదేశంలో ప్రభుత్వాలే కాదు, ఊళ్లు కూడా చేశాయి. ఊరి పశువులను కాపాడబోయి, పొలిమేర పోరులో పడిపోయినవానికి రాయి నిలపడం అందుకు పాత రూపం. ఆ రాతిని తెలుగులోను కన్నడంలోను వీరగల్లు అంటారు. తమిళంలో నడుకల్ అంటారు. ఆంధ్ర, తెలంగాణల వెలుపల చదువుకొనే తెలుగు విద్యార్థికి ఇవి చేతికందే దూరంలో ఉన్న చరిత్రాధారాలు.

బెంగుళూరునే తీసుకుందాం. బేగూరు నాగేశ్వరాలయంలో సుమారు క్రీ.శ. 890 నాటి కన్నడ శాసనం ఉంది. బెంగుళూరు పోరులో బుట్టనసెట్టి మరణించాడని అది చెబుతుంది. ఆ నగరం పేరుకు మనకు తెలిసిన తొలి ఆధారం ఒక యోధుని స్మారకమే. హెబ్బాళలో సుమారు 750 నాటి కిత్తయ్య వీరగల్లు 2018లో వెలుగులోకి వచ్చాక, స్థానికుల, చరిత్రాభిమానుల చొరవతో దానికి మండపం వెలిసింది. పన్నెండు వందల యేళ్లకు పైబడిన మృతునికి ఈనాటివారు ఇంత గౌరవం చేయగలిగారంటే, ఆ రాతి మీద అతని పేరు ఉండబట్టే.

పల్నాటిలో పేర్లను రాయి ఒక్కటే మోయలేదు, మనుషులూ మోశారు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోరాడిన వీరులకు కారెంపూడిలో గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు అక్కడ ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకొక పేరు. వీరాచారవంతులు తమ తమ ఊళ్లనుంచి కొణతాలు తెచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును తలుచుకొని కులభేదం లేకుండా పంక్తి సాగుతుంది. ఏ ఆయుధం ఎవరిదో, దాన్ని ఏ ఇంటివారు తేవాలో నిర్ణయమై ఉండడం ఈ ఆచారంలోని బలం. జ్ఞాపకాన్ని ఇంటింటికీ పంచి ఇచ్చారు కనుకనే అది ఎనిమిది శతాబ్దాలు నిలిచింది.

దీనికి భిన్నమైన స్మారకం మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వచ్చింది. సైనికులను పంపిన గ్రామాల్లో బ్రిటిషు ప్రభుత్వం చిన్న రాతి పలకలు పెట్టించింది. 1914-1919 మధ్య ఈ ఊరినుంచి ఇంతమంది వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అన్నంతవరకే ఆ పలకలు చెబుతాయి. వెళ్లినవారు ఎవరో చెప్పవు. ఊరికి మాత్రమే కాదు, సామ్రాజ్యానికీ అదే పద్ధతి. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద బ్రిటిషు సిపాయిల పేర్లు చెక్కారు. వేలాది భారతీయ సిపాయిలు అంకెలుగా మిగిలారు. ఈ అసమానత్వాన్ని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో తన నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

తెలుగువారికి ఈ నష్టం మరింత పెద్దది. కుంపిణీ సిపాయిని ఉత్తరాదిన 'తిలంగా' అని పిలిచేవారు; తెలుగు నేల పేరే సిపాయికి పేరైంది. కాని 19వ శతాబ్దం చివర 'యుద్ధ జాతుల' సిద్ధాంతం బలపడి మద్రాసు సైన్యంలో దక్షిణాదివారి చేరిక తగ్గింది. ఆ తరువాత వెళ్లిన తెలుగువారు 'మద్రాసు' అన్న ఒక్క మాట కింద కలిసిపోయారు. వారిని వేరుచేసి చూపగలిగేది ఊరు, ఇంటిపేరు మాత్రమే.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఈ సంగతి గ్రహించిన ఊరు. తరతరాలుగా సైన్యంలో చేరుతున్న కుటుంబాలవల్ల దానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు వచ్చింది. తమవారికి ఊళ్లోనే స్మారకం నిలుపుకొన్నారు. సేవ చేసినవారిని మరణించినవారితో పాటు తమవారుగా లెక్కించుకోవడం అక్కడి విశేషం.

ప్రవాసాంధ్ర ప్రాంతాల్లో ఈ పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. పుదుచ్చేరి సముద్రతీరంలో 1938లో ఆవిష్కరించిన ఫ్రెంచి యుద్ధ స్మారకం ఫ్రెంచి ఇండియా సైనికులందరిదీ. ఆ దళాల్లో తమ ఊరివారు ఉన్నారా అని యానాం విద్యార్థులు వెతకవచ్చు. బెంగుళూరులోని మద్రాసు శాపర్ల కేంద్రం, నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటు కేంద్రం తెలుగు కుటుంబాలెన్నిటికో తెలిసిన చోట్లు. పెన్షను కాగితం, డిశ్చార్జి పత్రం, పెద్దల నోటిమాట అన్నీ పనికివచ్చేవే. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం అంచు మీద సైనికుని నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. దాన్ని వెండికోసం కరగబెడితే ఆ పేరూ కరిగిపోతుంది. పలక మీద అంకె ఎలాగూ ఉంది. దానికి ఎదురుగా పేర్ల పట్టిక రాయవలసినవారు ఆ ఊరి బిడ్డలే.