వసకొమ్ము నుంచి లక్కపూస దాకా

తెలుగింట పుట్టిన బిడ్డ చేతికి బంగారం కంటే ముందు ఎక్కేది పూస. పురుడు వెళ్ళాక, పేరైనా పెట్టకముందే, అమ్మమ్మో నాయనమ్మో దారానికి ఒక నల్లపూస, ఒక తెల్లపూస మార్చి మార్చి గుచ్చి రెండు చేతులకూ కడుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఆ పూసల నడుమ వసకొమ్ము కూడా ఉంటుంది. ఎండిన కొమ్మును పూసంత ముక్కలుగా కోసి, సూదితో తూట్లు పొడిచి గుచ్చుతారు. నల్లపూస దిష్టికి, వస కడుపుబ్బరానికి. పిల్లల డాక్టర్లు మాత్రం వస నాకించొద్దనీ, దారం తెగితే పూస గొంతులో పడుతుందనీ మొత్తుకుంటారు. ఈ విషయంలో వాళ్ళ మాటే వినాలి. అయినా ఆ చిన్న కట్టుబడిని ఒకసారి పరకాయించి చూడండి. వరసగా రంగు పూసలు, వాటి మధ్య ఏదో ఒక నమ్మకాన్ని మోసే చిన్న వస్తువు. ఇవాళ విశాఖలో కాలేజీ పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఆర్డరు పెట్టుకునే చార్మ్ బ్రేస్‌లెట్‌కూ దీనికీ తేడా పేరులోనే.

చేతికి పూసలైతే మొలకు తాయెత్తు, మెడలో పులిగోరు. రాగిరేకు మీద యంత్రం గీయించి చుట్టి మొలతాడుకు కట్టడం నిన్నమొన్నటి దాకా పల్లెల్లో మామూలే. వరలక్ష్మీవ్రతం నాడు తొమ్మిది పోగులు, తొమ్మిది ముడులు వేసి కట్టుకునే తోరమూ, పెళ్ళిలో పసుపుకొమ్ముతో కట్టే కంకణమూ ఈ కుదురులోవే. వీటిలో ఏదీ కేవలం అందం కోసం పుట్టలేదు. మొదట పని, తర్వాతే అందం.

పడమటి దేశాల కథా దాదాపు ఇంతే. విక్టోరియా రాణికి 1840లో పెద్దకూతురు పుట్టినప్పుడు గుండె ఆకారంలో ఎనామిల్ వేసిన చిన్న లాకెట్టొకటి ఆమె బ్రేస్‌లెట్‌కు చేరింది. ఆపైన బిడ్డ పుట్టినప్పుడల్లా ఒకటి చొప్పున మొత్తం తొమ్మిదయ్యాయి. ఒక్కో దానిదీ ఒక్కో రంగు, లోపల ఆ బిడ్డ జుట్టు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైనికులు తాము తిరిగిన ఊళ్ళ గుర్తుగా ఇంటికి తెచ్చిన చిన్న చిన్న లోహపు బొమ్మలతో అమెరికాలో ఆ మోజు సామాన్యుల చేతులకూ ఎక్కింది. 1982లో కోపెన్‌హాగన్‌లో చిన్న దుకాణంగా మొదలైన పండోరా, 2000 నుంచి ఒక గొలుసు కొనుక్కో, పూసా చార్మూ నీకు నచ్చినప్పుడల్లా చేర్చుకో అనే పద్ధతిని ప్రపంచమంతటా పెద్ద వ్యాపారం చేసింది. ఈలోగా మరో పక్క, మంట ముందు కూచుని గాజుకడ్డీని కరిగించి ఒక్కొక్క పూసనూ విడిగా చేసే కళాకారులు అమెరికాలో బయలుదేరారు. 1993లో సంఘమూ పెట్టుకున్నారు. ఒక్కటి చేస్తే రెండోది అచ్చం అలా రాని ఆ పూసలనే ఇప్పుడు ఆర్ట్ బీడ్స్ అంటున్నారు. మన దగ్గర గ్రీటింగ్ కార్డుల షాపుల్లో ఆగస్టు మొదటి ఆదివారం ముందు వేలాడిన ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు ఒక తరానికి గుర్తే. 2023లో టేలర్ స్విఫ్ట్ కచేరీలకు వెళ్ళే అభిమానులు అక్షరాల పూసలతో కట్టుకున్న బ్రేస్‌లెట్లు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టాక ఆ గాలి ఇక్కడికీ వచ్చింది.

గాలి అటునుంచి వచ్చినా పూస ఇటునుంచి వెళ్ళిందే. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి భరిణెల్లో ధాతువులతో పాటు దొరికిన వస్తువులు చూడండి: బంగారు పూసలు, పగడాలు, ముత్యాలు, బంగారు రేకుతో చేసిన పూలు, చిటికెనవేలి గోరంత త్రిరత్న గుర్తులు. రెండువేల ఏళ్ళకు పైబడిన ఆ బంగారు త్రిరత్నాన్ని ఇవాళ ఏ నగల దుకాణంలో పెట్టినా చార్మ్ అనే అమ్ముతారు. విశాఖ–భీమిలి రోడ్డు మీద తొట్లకొండ ఉంది కదా, అక్కడి ఆరామంలో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ల వెండి నాణేలూ బయటపడ్డాయి. కొండ మీద నిలబడితే సముద్రం ఎంత దగ్గరో తెలుస్తుంది. సరుకు వచ్చిన దారీ పోయిన దారీ అదే.

ఆ దారిన పోయిన సరుకుల్లో గాజుపూస ముఖ్యమైనది. అయిదు మిల్లీమీటర్లు కూడా మించని ఈ సన్న పూసలు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి జపాన్ దాకా తవ్వకాల్లో దొరుకుతున్నాయి. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు వీటి పాత కేంద్రం. అక్కణ్ణుంచి ఈ పని శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం తీరాలకు పాకింది. ఆ పద్ధతి మన కాలం దాకా బతికి ఉన్న చోటు ఆంధ్రలోనే ఉంది. తిరుపతి దగ్గర పాపానాయుడుపేట. అమెరికన్ పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ ఊరి పనిని దగ్గరుండి చూసి రాశాకే అరికమేడు పూస ఎలా తయారైందో ప్రపంచానికి తేటపడింది.

ఆ పని చెప్పుకోదగ్గది. కరిగిన గాజును ముద్దగా తీసి లడ అనే పొడవాటి ఇనప గొట్టం చివర చుట్టి, మళ్ళీ మళ్ళీ కొలిమిలో పెడుతూ పెద్ద శంఖాకారపు ముద్ద చేస్తారు. గొట్టంలోంచి ఇనప కడ్డీ దూర్చి ఆ ముద్దకు నడుమ బొక్క చేస్తారు. లడను కొలిమికి ఈ పక్కన ఆనించి పెడితే, ఆ పక్కన కూచున్న మనిషి కొక్కెంతో గాజు కొసను పట్టుకుని లాగడం మొదలెడతాడు. బొక్క బొక్కగానే ఉండి గాజు సన్నని గొట్టంగా సాగుతూ వస్తుంది. ముద్ద అయిపోయేదాకా గంటల తరబడి, చెయ్యి వేగం మారకుండా లాగుతూనే ఉండాలి. వేగం తగ్గితే గొట్టం లావెక్కుతుంది, పెరిగితే తెగుతుంది. చల్లారిన గొట్టాలను చిన్న తునకలుగా కొట్టి, తూట్లు పూడిపోకుండా బూడిదతో కలిపి, మళ్ళీ వేడి చేస్తూ కలియబెడితే అంచుల వాడి పోయి గుండ్రబడతాయి. ఒక్కొక్క పూసనూ చుట్టుకుంటూ కూచునే కళాకారుడి పనికి ఇది పూర్తిగా ఎదురు. ఇక్కడ నైపుణ్యమంతా వేలకు వేల పూసలు ఒక్క తీరున రావడంలో ఉంది. నా లెక్కలో ఇదీ కళే.

ఇలాంటి పూసలను ఇంటింటికీ చేర్చింది పూసలవాళ్ళు. గంపలో పూసలు, పిన్నులు, సూదులు, సవరాలు పెట్టుకుని వీధివీధీ తిరిగేవాళ్ళు. డబ్బుకు బదులు ఊడిన జుట్టు తీసుకునేవాళ్ళూ ఉండేవారు. అరుగు మీద గంప దించి కూచుంటే తెగిన నల్లపూసలు అక్కడికక్కడే గుచ్చిచ్చేవారు. ఫ్యాన్సీ షాపులొచ్చాక వాళ్ళు వీధుల్లో నల్లపూసైపోయారు. విశాఖలో ఇప్పుడు పూస కావాలంటే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో వెతుక్కోవాలి, లేదా ఫోనులో వెతుక్కోవాలి. ఫోనులో దొరికేవాటిలో చాలామటుకు ప్లాస్టిక్కూ రెజినూ.

విశాఖకు చిన్న వస్తువుల పనితనం కొత్తకాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దొరలు ఇక్కడి వడ్రంగుల చేత ఏనుగుదంతం తాపిన కుర్చీలు, పెట్టెలు చేయించుకుని ఇంగ్లండుకు పట్టుకుపోయారు. వైజాగపటం పెట్టెలని లండన్ వేలంపాటల్లో వాటికి మంచి గిరాకీ ఉండేది. తెల్లటి దంతపు పలకల మీద లతలూ మేడలూ గీసినట్టు కనిపిస్తాయి కదా, అవి సిరా గీతలు కావు. దంతాన్ని సన్నగా చెక్కి, ఆ గాట్లలో నల్లలక్క నింపి, పైన సాపు చేసేవాళ్ళు. దంతం వ్యాపారాన్ని చట్టం ఆపేసింది, మంచిపనే చేసింది. ఏనుగు చావనక్కర్లేని లక్క మాత్రం జిల్లాలో నిలబడింది.

విశాఖ నుంచి హైవే మీద అనకాపల్లి, యలమంచిలి దాటి అరవై కిలోమీటర్ల పైచిలుకు వెళితే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక. 2022లో జిల్లాలు విడిపోయాక ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ బేరసారాలన్నీ ఇప్పటికీ విశాఖతోనే. లక్కబొమ్మలు చేయడం ఇక్కడ నాలుగు వందల ఏళ్ళ పని అంటారు అక్కడివాళ్ళు. వాటికి వాడే అంకుడుకర్ర మెత్తగా, నారలేకుండా ఉంటుంది, ఉలికి ఎదురు తిరగదు. ఎండిన ముక్కను లేతుకు బిగించి తిప్పుతూ ఉలితో కావలసిన తీరుకు దించుతారు. తర్వాత లక్క. రేగు, మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే జిగురును శుభ్రం చేసి, నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి లాగి మడిచి లాగి, కడ్డీలు చేసి పెట్టుకుంటారు. గిరగిర తిరిగే కర్రకు ఆ కడ్డీని అదిమితే రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. బ్రష్షు లేదు, డబ్బా లేదు. పైన ఎండిన మొగలిరేకుతో అద్దుతారు. అప్పటిదాకా మచ్చమచ్చలుగా ఉన్న లక్క ఆ ఒక్క అద్దుతో సర్దుకుని అద్దంలా మెరుస్తుంది.

పూస చేయాలన్నా ఇదే వరస. కడ్డీలాంటి కర్ర మీద వరసగా గుండ్లు తీసి, రంగు పట్టించి, ఒక్కొక్కటే కోసి దించుతారు. రెండు రంగుల కడ్డీలు పక్కపక్కన అదిమితే చారల పూస. మూడో రంగు అంచుకు అంటీ అంటనట్టు తాకిస్తే వెంట్రుకంత గీత. చేతి ఒత్తిడి మారితే గీత మారుతుంది గనక ఏ రెండు పూసలూ అచ్చంగా ఒకటి కావు. అమెరికాలో ఆర్ట్ బీడ్ అని గొప్పగా చెప్పుకునే గుణం ఇదే కదా.

ఈ ఊళ్ళో రసాయన రంగులు పాకిన రోజులున్నాయి. చవక, పైగా కళ్ళు చెదిరే రంగు. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారన్న సంగతి అప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ ఊరి వాడే అయిన చింతలపాటి వెంకటపతిరాజు, అందరూ సి.వి.రాజు అంటారు, చెట్టూచేమల రంగులను మళ్ళీ లక్కలోకి తెచ్చారు. పసుపుకు పసుపే, నీలానికి నీలిమందు, రెండూ కలిపితే ఆకుపచ్చ, నారింజ రంగుకు మన ఏజెన్సీలో పండే జాఫ్రా గింజలు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో రాజు పని గురించి చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

ఇంత పేరూ బొమ్మకే వచ్చింది. షోరూముల్లో రాజారాణీ, ఎడ్లబండీ ముందు వరసలో ఉంటాయి. గాజులు, గొలుసులు, దుద్దులు పక్క అరలో. విడిపూసలైతే అడిగితే తప్ప తీయరు. తప్పు ఎవరిదని కాదు. బొమ్మ ఒకసారి కొని అలమరలో పెట్టే వస్తువు, పూస పదేపదే కొనే సరుకు. పది మి.మీ. పూసలు వంద అడిగితే వందా పదే ఉండాలి, తూటు నడిమధ్యనే పడాలి. ఆ కొలత పట్టింపు పాపానాయుడుపేటలో పుట్టుకతో ఉంది, ఏటికొప్పాకకు ఇంకా పూర్తిగా అలవడలేదు. కళ వైపు ఉన్న ఊరు కొలత కూడా నేర్చుకుంటే ఆర్ట్ పూసల కోసం చెక్ దేశం దాకా, వెనిస్ దాకా వెతుక్కుంటూ పోయే చేతిపనివాళ్ళు సగం మంది ఇక్కడే ఆగుతారని నా ఉద్దేశం.

చేతికి ఒకటి గుచ్చుకోవాలనుకునేవాళ్ళకు లెక్క సులువే. దారంతో మణికట్టు చుట్టుకొలత తీసుకుని, సెంటీమీటరున్నర కలపాలి. పదిహేడు సెంటీమీటర్లు తేలితే ఎనిమిది మి.మీ. పూసలు ఇరవై ఒకటి పడతాయి. మధ్యలో గవ్వో, చిన్న వెండి చేపో తగిలిస్తే రెండు పూసలు తగ్గుతాయి. ఎలాస్టిక్ దారం వాడేటట్టయితే గుచ్చేముందే దాన్ని నాలుగుసార్లు బాగా సాగదీయాలి, లేకపోతే వారానికల్లా వదులై పూసల మధ్య సందులు కనిపిస్తాయి. ముడికి దారాన్ని ఒకటికి రెండుసార్లు మెలేసి బిగించి, పక్క పూస తూట్లోకి లాగేస్తే కనపడదు. హుక్కులు, రింగుల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. విశాఖ ఉప్పుగాలికి పూత వేసిన ఇత్తడి వర్షాకాలం దాటకుండానే పచ్చబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు హుక్కులే కొనాలి. ఉక్కునగరంలో ఉంటూ తుప్పు పట్టే హుక్కు వాడటం మనకే చిన్నతనం.

లక్కపూసకు ఒక పెద్ద శత్రువుంది. అది నీళ్ళు కాదు, ఆల్కహాలు. లక్కను కరిగించేది అదే. చేతికి శానిటైజర్ రాసుకున్నా, సెంటు కొట్టుకున్నా పూస జిగటబారి మెరుపు పోతుంది. సబ్బునీళ్ళూ మంచివి కావు, క్షారం తగిలితే లక్క వదులుతుంది. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టడం చాలు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

కొనేటప్పుడు పూసను వెలుతురుకు పట్టి తూటు చూడండి. లోపల కర్ర పీచు లేచి ఉంటే అది రోజూ దారాన్ని కొరుకుతూనే ఉంటుంది. సన్న ఉప్పుకాగితాన్ని గట్టిగా సూదిలా చుట్టి తూట్లో రెండుసార్లు తిప్పితే ఆ పీచు పోతుంది.