వరి కుచ్చు (పిచ్చుకల మేత)
కొబ్బరి మార్కెట్టుకు పేరున్న అంబాజీపేట చుట్టూ తోటలే ఎక్కువ. అయినా పిచ్చుకను గడపలోకి రప్పించేది వరి. గోదావరి జిల్లాల్లో కోతలప్పుడు కంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలానికో గుడి మండపానికో వేలాడదీస్తారు. పిచ్చుక కంకి మీద వాలి, గింజను ముక్కుతో నలిపి, ఊక రాల్చి బియ్యం తింటుంది. నేలమీద చల్లిన నూకలకంటే ఇదే మేలు: గింజ రెట్టల్లో కలవదు, తింటున్న పిట్ట పిల్లికి సులువుగా చిక్కదు.

మేత అలవాటు చేస్తే పక్షులు వెతుక్కోవడం మానేస్తాయన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. కుచ్చు కొన్నాళ్లకే ఖాళీ అవుతుంది; పైగా గూట్లోని పిల్లలకు పిచ్చుకలు పెట్టేది ముఖ్యంగా పురుగులనే. అసలు లోటు అక్కడే. పురుగుమందు కొట్టిన పెరట్లో ఎన్ని కుచ్చులు కట్టినా ఆ పిల్లల కడుపు నిండదు. కుచ్చుతో పనిలేని తేనెపిట్టకు మందార, అరటి పువ్వుల తేనె కావాలి. గోరింకకు పళ్లు, పురుగులు.