కంపెనీ పోయింది, చందమామ ఉంది

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో "పాత చందమామలున్నాయా?" అని అడగడం నాకిప్పటికీ అలవాటు. మూతబడ్డ పత్రికకి ఇంకా అభిమానం ఏంట్రా అని ఫ్రెండ్స్ నవ్వుతారు. పైగా దాని చివరి రోజుల్లో ఓనర్లు మా సాఫ్ట్‌వేర్ వాళ్ళే.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అలా డెల్టా తెలుగులో చెప్పిన కథలు దేశంలోని చాలా భాషల్లోకి వెళ్ళాయి. 1998లో పత్రిక ఆగింది, మరుసటేడు మళ్ళీ వచ్చింది. 2007లో ముంబై కంపెనీ జియోడెసిక్ కొన్నది. 2013 నాటికి చందాదారులకి ఒక్క మాటైనా చెప్పకుండా ఆపేసింది. 2014లో బాంబే హైకోర్టు ఆ కంపెనీనే మూసెయ్యమంది. చివరికి డొమైన్ రెన్యూ చెయ్యక వెబ్‌సైటూ పోయింది. డొమైన్ రెన్యూవల్ ఎంత చిన్న పనో మా ఫీల్డులో అందరికీ తెలుసు. అందుకే నాకు కోర్టు కేసుకన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

కానీ తప్పంతా కొత్త ఓనర్లదే అంటే సగం నిజమే అవుతుంది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఎన్నో సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు వాటి మీద ఉండేది కాదు. సంపాదకుడిగా కుటుంబరావు పేరూ వేసేవారు కాదు. పత్రికంతా ఒకే గొంతుతో కథ చెప్పినట్టుండేది. ఆ అందం మనకి దక్కింది, దాని ఖరీదు మాత్రం వాళ్ళు కట్టారు.

దాసరి 2010లో విజయవాడలోనే పోయారు. అప్పుడు నేను ఇదే ఊళ్ళో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. 'తోకచుక్క' రాసిన మనిషంటూ ఒకరున్నారని కూడా నాకు తెలీదు. తెలిస్తే సిటీ బస్సెక్కి వెళ్ళి కలిసేవాణ్ణి.

తర్వాత నాకు ఆ పేరు చెప్పింది కంపెనీ కాదు, అభిమానులు. పాత సంచికలు వెతికి స్కాన్ చేసింది వాళ్ళే. ఏ సీరియల్ ఎవరిదో చెప్పుకుంటూ వచ్చిందీ వాళ్ళే. ఇప్పుడు ఆ సీరియల్స్ దాసరి పేరుతోనే పుస్తకాలుగా ఉన్నాయి. కాపీరైటు లెక్కల్లో స్కానింగ్ తప్పే కావచ్చు. కానీ హక్కులున్నవాళ్ళు చెయ్యని పని వీళ్ళు చేశారు. నా దృష్టిలో అభిమానమంటే ఇదే, కంపెనీకి విధేయంగా ఉండటం కాదు.

మొన్న ఒక బైండు దొరికింది. బొమ్మల కింద శంకర్, చిత్రా సంతకాలున్నాయి. సీరియల్ కింద ఏమీ లేదు. పెన్సిల్‌తో దాసరి పేరు రాస్తుంటే షాపాయన చూశాడు.

"రాయమాకు బాబూ, మళ్ళీ అమ్మితే రేటు రాదు" అన్నాడు.

అమ్మనులెండి అన్నాను.