జేరూ, జబరూ, పేషూ

ఒక రాత్రివేళ ఆరుబయట తండ్రీ కూతుళ్ళు కూర్చున్నారట. ఊరు ఇరాక్ దేశంలోని బస్రా. కాలం 7వ శతాబ్దం. మిలమిలలాడే నక్షత్రాలకేసి చూస్తూ ఆ పిల్ల "ఆకాశం ఎంత అందంగా ఉందో నాన్నా!" అనబోయింది. కాని మాటల చివర అచ్చులు కాస్త అటూ ఇటూ కావడంతో అది "ఆకాశంలో అన్నిటికన్నా అందమైనదేది?" అన్న ప్రశ్న అయి కూర్చుంది.

"నక్షత్రాలమ్మా" అన్నాడు తండ్రి.

"నేను అడగలేదు నాన్నా, అబ్బురపడ్డాను" అంది కూతురు.

"అయితే ఇలా అనకూడదు తల్లీ, అలా అనాలి" అని సరిదిద్ది తండ్రి ఆలోచనలో పడ్డాడు. కన్నబిడ్డ నోటనే భాష ఇలా జారిపోతూంటే రేపు పరాయి దేశాలవాళ్ళు నేర్చుకున్నప్పుడు దీని గతేమిటి? అలా ఆయన అరబ్బీ భాషకు సూత్రాలు కట్టడం మొదలుపెట్టాడట.

ఆ తండ్రి పేరు అబుల్ అస్వద్ అద్దుఅలీ. ఇది అచ్చంగా ఇలాగే జరిగిందో, తరవాతివాళ్ళు ముచ్చటపడి అల్లుకున్నారో గాని, అరబ్బీ వ్యాకరణం పుట్టుక చెప్పేటప్పుడు పంతుళ్ళు ఈ కథ చెప్పకుండా ఉండరు. ఒక ఆడపిల్ల తడబాటులోంచి వ్యాకరణం పుట్టిందని చెప్పుకుంటూనే, ఆడపిల్లను ఆ వ్యాకరణానికి దూరంగా కూర్చోబెట్టిన రోజులూ ఉన్నాయి. ఆ సంగతికి తరవాత వద్దాం.

ఇంతకీ చిక్కెక్కడ వచ్చిందంటే, అరబ్బీ లిపిలో ముఖ్యంగా హల్లులే రాస్తారు. పొట్టి అచ్చులు చదివేవాడు తనంతట తాను వేసుకోవాలి. మన భాషలో క, మ, ల అన్న మూడక్షరాలు గుణింతం లేకుండా రాశామనుకోండి. కమల అని చదవాలా, కోమలి అనాలా, కమిలి అనాలా, కుమిలి అనాలా? తెలిసినవాడు సందర్భాన్ని బట్టి చదువుకుంటాడు. కొత్తగా నేర్చుకునేవాడి పని ఏం కావాలి? అందులోనూ అది పవిత్రగ్రంథం ఖురాను. ఒక్క అచ్చు మారితే అర్థమే తారుమారు.

అబుల్ అస్వద్ ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని, "నేను నోరు తెరిస్తే అక్షరం మీద చుక్క పెట్టు, పెదవులు గుండ్రంగా చుడితే పక్కన పెట్టు, కిందికి దించితే కింద పెట్టు" అన్నాడని చెబుతారు. ఆ చుక్కలు అక్షరాలలో కలిసిపోకుండా వేరే రంగు సిరాతో పెట్టేవారు. 8వ శతాబ్దంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అనే మహాపండితుడు ఆ చుక్కల స్థానే చిన్నచిన్న గీతలు పెట్టే పద్ధతి తెచ్చాడు. అరబ్బీలో మొదటి నిఘంటువుకు పూనుకున్నవాడూ ఆయనే. ఆ గీతలనే మన దేశంలో జబర్, జేర్, పేష్ అంటారు. ఈ మూడూ పారశీక పదాలు. జబర్ అంటే పైన, జేర్ అంటే కింద, పేష్ అంటే ముందు. హైదరాబాదు పాతబస్తీలో పొద్దున్నే ఏ మసీదు పక్క సందులోంచి నడిచినా పిల్లలు ఊగుతూ వల్లెవేసే పాఠం ఇదే. "అలిఫ్ జబర్ అ, అలిఫ్ జేర్ ఇ, అలిఫ్ పేష్ ఉ." మన వీథిబడి గుణింతానికి ఇది అప్పచెల్లెలు కాదూ?

ఇంకో విశేషం. అరబ్బీ వ్యాకరణానికి తలమానికమైన గ్రంథం రాసిన సీబవైహి అరబ్బు కాడు, పారశీకుడు. ఆయన గ్రంథానికి వేరే పేరు కూడా లేదు, "అల్ కితాబ్" అంటారు. పుస్తకం అంటే అదే పుస్తకం అన్నమాట! తల్లి ఒడిలో నేర్చుకున్న భాషకు సూత్రాలు అక్కర్లేదు. పరాయి భాష నేర్చుకునేవాడికే "ఎందుకు, ఎలా" అన్న ప్రశ్నలు వస్తాయి.

ఆ భాష అల్లిక కూడా తమాషాగా ఉంటుంది. ఒకే పిండితో ఇవాళ ఇడ్లీ, రేపు అట్టు, ఎల్లుండి ఊతప్పం వేసినట్టు, మూడు హల్లులతో డజన్ల మాటలు తీస్తారు. క, త, బ అనేవి రాతకు సంబంధించిన హల్లులు. కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తూబ్ అంటే రాసినది, మక్తబ్ అంటే రాత నేర్పే చోటు, చిన్నబడి. ద, ర, స అనేవి చదువుకు సంబంధించినవి. దర్స్ అంటే పాఠం, ముదర్రిస్ అంటే పాఠం చెప్పేవాడు, మద్రసా అంటే పాఠాలు చెప్పే చోటు. మనకు అరబ్బీ ఒక్క ముక్క రాదనుకుంటాం గాని, బడిలో పిల్లవాడు "హాజర్" అన్నా, మనం వకీలు దగ్గర "అసలు" కాగితమూ "నకలూ" పెట్టినా, వచ్చినవాళ్ళకు "కుర్చీ" వేసినా, పుట్టింటి ఉత్తరానికి "జవాబు" రాసినా ఆడినవి అరబ్బు మాటలే.

మన దేశపు ముస్లిం ఇళ్ళలో బిడ్డకు 4 ఏళ్ళ 4 నెలల 4 రోజులు నిండినప్పుడు బిస్మిల్లా వేడుక చేసే ఆచారం ఉంది. కొత్తబట్టలు వేసి, పెద్దవారెవరిచేతనో మొదటి మాట పలికించి, మిఠాయిలు పంచుతారు. మన అక్షరాభ్యాసం లాంటిదే. అటుపైన "కాయిదా" అనే వాచకం, ఆ తరవాత ఖురాను పఠనం. మగపిల్లలూ ఆడపిల్లలూ కూడా ఇంతవరకు వస్తారు. ఆడపిల్లలకు ఉస్తానీ ఇంటికి వచ్చి చెప్పడమో, వీళ్ళే ఆవిడ ఇంటికి వెళ్ళడమో జరిగేది. గొంతులోంచి పలికే అక్షరం ఏది, నాలుక కొస పళ్ళకు తగలవలసినది ఏది అంతా చక్కగా నేర్పేవారు. అర్థం మాత్రం ఆ పాఠంలో ఉండదు. లలితా సహస్రనామం కంఠతా వచ్చిన మన అమ్మమ్మల్లో ప్రతి నామానికీ అర్థం తెలిసినవారు ఎందరు చెప్పండి? పఠనంలో పుణ్యమూ ఉంది, మనశ్శాంతీ ఉంది. కాని అర్థం దగ్గరకు వెళ్ళే తలుపు ఇంకోటి ఉంది. ఆ తలుపు పేరే మద్రసా.

మన దేశంలో ఆ మద్రసా చదువుకు ఒక రూపం ఇచ్చింది లక్నోలోని ఒక కుటుంబం. అవధ్ ప్రాంతంలో సిహాలీ అనే ఊళ్ళో ముల్లా కుతుబుద్దీన్ అనే పండితుడుండేవాడు. 1690ల మొదట్లో భూమి తగాదాల్లో ఇరుగుపొరుగువాళ్ళు ఆయనను చంపేశారు. దిక్కులేనివాళ్ళయిన ఆ కుటుంబానికి ఔరంగజేబు చక్రవర్తి లక్నోలో ఒక భవనం ఇప్పించాడు. అంతకుముందు అందులో ఒక ఐరోపా వర్తకుడు ఉండేవాడు గనుక దాన్ని ఫిరంగీ మహల్ అనేవారు. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు ముల్లా నిజాముద్దీన్ పెద్దవాడై ఒక పాఠ్యక్రమం కూర్చాడు. అదే "దర్సె నిజామీ." ఆయన 1748లో పోయాడు గాని, ఆ పాఠ్యక్రమం ఎన్నో మార్పులతో భారతదేశంలోనూ, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోనూ నేటికీ నడుస్తోంది.

ఆయన పద్ధతి ఏమంటే, ఒక్కో శాస్త్రంలో కొరకరానివి ఒకటి రెండు గ్రంథాలు ఎంచి పెట్టడం. ఆ కొండ ఎక్కినవాడు మిగతా గుట్టలు తనంతట తాను ఎక్కుతాడని ఆయన ఉద్దేశం. మొదట సర్ఫ్, అంటే మాటల రూపాలు. తరవాత నహ్వ్, అంటే వాక్య నిర్మాణం. పైమెట్టులో 13వ శతాబ్దపు ఇబ్న్ హాజిబ్ రాసిన "కాఫియా", దానిమీద జామీ కవి రాసిన వ్యాఖ్యానం. తమాషా ఏమిటంటే, ప్రారంభ వ్యాకరణ పుస్తకాలు చాలావరకు పారశీకంలో ఉండేవి. ఉర్దూ మాట్లాడే పిల్లవాడు అరబ్బీ మేడ ఎక్కడానికి ముందు పారశీకపు నిచ్చెన సంపాదించుకోవాలి!

సర్ఫ్ పాఠం వింటే మన శబ్దమంజరి గుర్తుకు రాక మానదు. "రామః రామౌ రామాః" అని మనవాళ్ళు వల్లించినట్టే అక్కడ "ఫఅల, ఫఅలా, ఫఅలూ" అంటారు. ఏకవచన, ద్వివచన, బహువచనాలు సంస్కృతంలో లాగే అక్కడా ఉన్నాయి. భూతకాల క్రియకు మొత్తం 14 రూపాలు. ఆమె చేసింది, వాళ్ళిద్దరాడవాళ్ళూ చేశారు, ఆ ఆడవాళ్ళంతా చేశారు, నువ్వు చేశావమ్మా, మీరిద్దరూ చేశారమ్మా, మీరంతా చేశారమ్మలారా అని స్త్రీలకు 6 రూపాలు. పురుషులకూ సరిగ్గా 6. మిగతా రెండూ నేను, మేము. "మీరిద్దరూ" అన్నచోట ఆడకూ మగకూ రూపం ఒకటే అయినా, లెక్కలో మాత్రం విడిగా రెండుసార్లు చదువుతారు. చూశారా, వ్యాకరణం ఎంత న్యాయంగా పంచిందో! కాని ఆ రూపాలు వల్లించే గదిలో తరతరాలుగా కూర్చున్నది మగపిల్లలే. "మీరంతా చేశారమ్మలారా" అని అబ్బాయిలు గోడకు చెప్పుకున్నారన్నమాట.

ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అనే పండితురాలి దగ్గర ప్రవక్త వచనాల సంపుటమైన "సహీహ్ బుఖారీ" పాఠం వినడానికి పెద్దపెద్ద విద్వాంసులు వచ్చేవారు. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లో జైనబ్ బింత్ అల్ కమాల్ అనే ఆవిడ ఉండేది. ఫలానా గ్రంథం బోధించడానికి అర్హురాలివని గురువులు ఇచ్చే పత్రాలు ఆవిడ దగ్గర ఒక ఒంటె మోసేటన్ని ఉండేవని రాశారు. 90 ఏళ్ళు దాటి బతికి, 1339లో కన్నుమూసే దాకా పాఠం చెప్పిందావిడ. అంటే ఆడవాళ్ళకు ఈ చదువు కొత్త కాదు, మధ్యలో తలుపు మూసుకుపోయిందంతే. మన దేశంలో 20వ శతాబ్దం రెండో సగంలో ఆడపిల్లల మద్రసాలు పెరిగి, ఆ తలుపు మళ్ళీ కొద్దికొద్దిగా తెరుచుకుంది.

హైదరాబాదులో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ 1876లో స్థాపించిన జామియా నిజామియా ఈ చదువుకు పెద్ద దిక్కు. 1888లో అక్కడే దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పుట్టింది. ఎక్కడెక్కడి అరబ్బీ తాళపత్రాలు... అదే, రాతప్రతులు, మన అలవాటు చొప్పున తాళపత్రాలనేశాను, సంపాదించి, సరిచూసి అచ్చువేయడం దాని పని. 11వ శతాబ్దంలో మన దేశం గురించి అల్ బిరూనీ రాసిన గ్రంథం మూలాన్నీ అది ముద్రించింది. తెలుగుదేశం నడిబొడ్డున అచ్చయిన అరబ్బీ పుస్తకాలు అరబ్బు పండితుల బల్లల మీదికి చేరాయంటే మనకూ కాస్త గర్వంగా ఉండదూ?

అయితే ఈ పాత చదువుకు ఒక లోటుండేది. కాఫియా వ్యాఖ్యానం అప్పజెప్పగలవాడు అరబ్బీలో నాలుగు ముక్కలు మాట్లాడలేడు, ఉత్తరం రాయలేడు. బోధించడం ఉర్దూలో, వల్లించడం అరబ్బీలో. ఇంగ్లీషు గ్రామరంతా వచ్చి, దొరగారు ఎదురైతే నోరు పెగలని మన పాతకాలపు మెట్రిక్యులేషను వాళ్ళ లాగానన్నమాట. ఈ లోటు తీర్చాలని 1898లో లక్నోలో పాఠాలు మొదలుపెట్టిన నద్వా విద్యాలయం అరబ్బీని జీవభాషగా నేర్పడానికి పూనుకుంది. 1930లలో మొరాకో దేశపు పండితుడు తకీయుద్దీన్ హిలాలీని రప్పించి పాఠాలు చెప్పించారు. 1932లో అక్కడినుంచి ఒక అరబ్బీ పత్రికే వెలువడింది. అక్కడ చదివిన అబుల్ హసన్ అలీ నద్వీ, పిల్లలకోసం తేలిక అరబ్బీలో ప్రవక్తల కథలు రాశాడు. సూత్రం తరవాత, ముందు కథ అన్నమాట. ఏ తల్లయినా బిడ్డకు మాటలు నేర్పేది అలాగేగా!

ఇక చివరిమాట. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళలో వంటకూ పనికీ వెళుతున్నారు. వాళ్ళకు అలిఫ్ రాదు, జేరూ జబరూ తెలియవు. యజమానురాలు "తఆలీ" అంటే "ఇలా రా" అని, ఆ పిలుపు తనకేనని తెలుసు. మగవాణ్ణయితే "తఆల్" అంటారు మరి. వ్యాకరణంలో స్త్రీకి దక్కిన ఆ రూపాన్ని వాళ్ళు పుస్తకం పట్టకుండా, గిన్నెలు కడుగుతూ నేర్చుకున్నారు. ఇక్కడ మక్తబ్‌లో చదివిన పిల్ల అరబ్బీ చదవగలదు, మాట్లాడలేదు. అక్కడ ఈవిడ మాట్లాడగలదు, తాను వేలిముద్ర వేసిన ఒప్పందం కాగితం చదవలేదు. ఇద్దరిదీ సగం సగం చదువే.

ఆ రెండు సగాలూ ఒక్క చోట చేరిననాడు, బస్రాలో ఆ పిల్ల ఆకాశం చూసి అనబోయిన మాటను వీళ్ళూ తప్పులేకుండా అనగలుగుతారు. అన్నదే కాదు, రాసి ఇచ్చినదీ చదువుకోగలుగుతారు.